మీ ఫోన్ వెనకున్న పేరు... పుట్టిన ఊరు ఇదే!

2021 నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన ఖరీదైన వన్‌ప్లస్ ఫోన్లు తిప్పి చూడండి. కెమెరా దగ్గర 'హాసెల్‌బ్లాడ్' అని ఉంటుంది. స్వీడన్ పడమటి తీరంలోని గోథెన్‌బర్గ్‌లో పుట్టిన కెమెరా పేరది.

ఊళ్లో అవెన్యూన్ అనే పెద్ద వీధి చివరిదాకా నడిస్తే గోటాప్లాట్సెన్ కూడలి. మధ్యలో సముద్ర దేవుడు పొసైడాన్ విగ్రహం, వెనక ఆర్ట్ మ్యూజియం. అందులోనే ఫొటోల కోసం ప్రత్యేకంగా హాసెల్‌బ్లాడ్ సెంటర్ ఉంది. విక్టర్ హాసెల్‌బ్లాడ్ ఈ ఊరివాడే. పక్షుల ఫొటోలంటే ప్రాణం. రెండో ప్రపంచ యుద్ధమప్పుడు స్వీడన్ వైమానిక దళానికి కెమెరాలు చేసిచ్చాడు. 1948లో మామూలు జనం కోసం మొదటి మోడల్ తెచ్చాడు. 1969లో చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ చేతిలో ఉన్నదీ ఈ కంపెనీ కెమెరానే. బరువు తగ్గించుకోవడానికి ఫిల్మ్ మాత్రం వెనక్కి తెచ్చి, కెమెరాని అక్కడే వదిలేశారు!

అప్పుడు ఫిల్మ్, ఇప్పుడు సెన్సర్. సూత్రం ఒకటే: వెలుతురు పట్టే జాగా పెద్దదిగా ఉండాలి. పెళ్లిళ్లలో ఎక్కువగా కనిపించే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. ఇప్పటి మీడియం ఫార్మాట్‌ది దాదాపు 44×33. విస్తీర్ణంలో 1.7 రెట్లు. ఫోన్లలో పెద్దదనుకునే 'ఒక అంగుళం' సెన్సర్‌కైతే 12 రెట్లు! అందుకే తెల్ల చీర మడతలూ, నీడలోని జుట్టు పాయలూ ఒకే ఫొటోలో చక్కగా నిలుస్తాయి. కాకపోతే ఆ తేడా గోడంత ప్రింట్‌లో తెలుస్తుంది. ఇన్‌స్టాలో దాదాపు తెలీదు.

మరి ఇంత ఖరీదైన కెమెరా ఎవరు కొంటారు? జవాబు నది అవతల దొరుకుతుంది. స్టెన్‌పీరెన్ రేవులో పడవెక్కితే కాసేపట్లో లిండ్‌హోల్మెన్. కంపెనీ ఆఫీసు ఉన్నది ఇక్కడే. ఒకప్పుడు ఈ ఒడ్డున ఓడలు కట్టేవాళ్లు. 1970ల్లో చమురు సంక్షోభంతో గిరాకీ పడిపోయింది. జపాన్ చవగ్గా కట్టిస్తోంది. యార్డులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. పనితనం ఒక్కటే మార్కెట్‌ని నిలబెట్టదని ఈ ఒడ్డుకి బాగా తెలుసు.

కెమెరాల్లోనూ పోటీ జపాన్ నుంచే. హాసెల్‌బ్లాడ్ 2016లో అద్దం లేని చిన్న మీడియం ఫార్మాట్ కెమెరా తెస్తే, మరుసటేడే ఫుజీఫిల్మ్ దిగింది. 2021లో 100 మెగాపిక్సెళ్ల కెమెరాని 6,000 డాలర్లకే ఇచ్చింది. 2022లో హాసెల్‌బ్లాడ్ 100 మెగాపిక్సెళ్ల మోడల్ ధర 8,200 డాలర్లు. ఈలోగా కంపెనీలో పెద్ద వాటా డ్రోన్లు చేసే చైనా కంపెనీ డీజేఐ చేతికి వెళ్లింది. సోనీ ఈ సెన్సర్లు అమ్ముతుంది గానీ, తాను మాత్రం అలాంటి కెమెరా చేయదు. మార్కెట్ ఎంత చిన్నదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

అయినా ఇది పోయేది కాదు. యాడ్లు, ఫ్యాషన్, మ్యూజియం చిత్రాల కాపీలు... వీటికి ఈ నాణ్యత కావాల్సిందే. ధర దిగేకొద్దీ ఇష్టంతో కొనేవాళ్లూ చేరుతున్నారు. మీ ఫోన్‌లోకి వచ్చింది మాత్రం ఆ పేరు, రంగులు సరిదిద్దే పనితనమే. ఆ పెద్ద సెన్సర్ కాదు. కొనేముందు లోగో కాదు, మీ ఫొటోని ఎంత సైజులో చూస్తారో లెక్కేసుకోండి.