వేడి చేసిందనుకుంటే...

మూత్రం మంటగా ఉందని మగాళ్లు నోరు విప్పడమే తక్కువ. విప్పితే ఇంట్లో అందరూ అనే మాట ఒకటే, 'వేడి చేసింది'. బార్లీ నీళ్లు కాస్తారు. సబ్జా గింజలు నానబెడతారు. మజ్జిగలో ఉప్పేసి ఇస్తారు. ఎండల్లో నీళ్లు తక్కువ తాగినవాళ్లకు ఆ వైద్యంతో కాస్త హాయిగానే ఉంటుంది. అందుకే ఆ మాటకు అంత పలుకుబడి. కానీ మంటతోపాటు బీజంలో నొప్పి, వాపు కూడా మొదలైతే అది బార్లీ నీళ్లకు లొంగే వ్యవహారం కాదు.

కోనసీమలో రిటైరైన ఓ లెక్కల మాస్టారి సంగతే తీసుకోండి. వయసు 62. రెండేళ్లుగా రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేస్తున్నారు. ధార సన్నబడింది. వెళ్లొచ్చినా ఇంకా మిగిలినట్టే ఉంటోంది. వయసు కదా అని సర్దుకుపోయారు. ఓ రోజు మంట మొదలైంది. నాలుగోరోజుకు కుడివైపు బీజం వాచి రెండింతలైంది. పంచె రాసుకున్నా ప్రాణం పోతోంది. పైగా చలిజ్వరం.

"ఏమండీ, అలా కాళ్లు ఎడంగా వేసి నడుస్తున్నారేంటి?" అని భార్య అడిగితే, "మెట్టు జారాను" అన్నారు. అంతకాలం కాపురం చేసిన మనిషికి కూడా చెప్పలేని జబ్బు అది! బోదకాలు, వరిబీజం ఆ ప్రాంతానికి కొత్తేం కాదు. తనకూ అదే వచ్చిందని, ఆపరేషనంటారని ఆయన భయం. నిజానికి వరిబీజం సాధారణంగా నొప్పి లేకుండా, మెల్లగా పెరుగుతుంది. రెండు మూడు రోజుల్లో ఎర్రగా వాచి, జ్వరంతో వచ్చేది వేరు. చివరికి ఒళ్లు కాలిపోతుంటే కొడుకే ఆటో ఎక్కించాడు.

డాక్టరు ముందుగా అడిగింది వాపు గురించి కాదు. "మాస్టారూ, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?" అన్నారు. నొప్పి ఒకచోట ఉంటే ఈ ప్రశ్నేంటని మాస్టారికి చిరాకేసింది.

కిటుకంతా అందులోనే ఉంది. బీజం వెనక ఎపిడిడిమిస్ అనే సన్నని గొట్టం చుట్టలు చుట్టుకుని ఉంటుంది. సాగదీస్తే ఇంచుమించు 20 అడుగులు! వీర్యకణాలు పక్వానికొచ్చేది అందులోనే. అక్కణ్నుంచి శుక్రవాహిక పైకెళ్లి, ప్రోస్టేట్ గ్రంథి దగ్గర మూత్రనాళంలో కలుస్తుంది. అంటే మూత్రానికీ వీర్యానికీ బయటికి దారి ఒక్కటే. పెద్దవయసులో ప్రోస్టేట్ పెరిగి మూత్రం పూర్తిగా పోకపోతే, నిలవున్నచోట క్రిములు పెరుగుతాయి. అవే శుక్రవాహికలోంచి వెనక్కి పాకి ఎపిడిడిమిస్‌ను పట్టుకుంటాయి. మూత్రానికి గొట్టం పెట్టించుకున్నవాళ్లకూ ఈ ముప్పుంది.

కుర్రాళ్ల సంగతి వేరు. 35 ఏళ్లలోపు వాళ్లలో ఎక్కువగా కారణం లైంగికంగా సోకే క్లమీడియా, గనేరియాలే. అప్పుడు భాగస్వామికీ మందులు వాడాలి. (ఇది చెప్పడం డాక్టరుకూ ఇబ్బందే. అయినా చెప్పక తప్పదు.) మందులకు లొంగక వాపు గట్టిపడితే, మన దేశంలో టీబీనీ అనుమానించాలి.

పదిహేనేళ్ల పిల్లాడికి హఠాత్తుగా, నిద్రలోంచి లేచి కూర్చునేంత నొప్పి వస్తే మాత్రం ఇదేలే అనుకోకూడదు. బీజం మెలితిరిగి రక్తప్రసారం ఆగిపోయి ఉండొచ్చు. 6 గంటల్లోపు ఆపరేషన్ జరిగితే అది దక్కే అవకాశం ఎక్కువ. సిగ్గుపడి కడుపునొప్పని చెప్పే పిల్లలూ ఉంటారు. అమ్మానాన్నలే కాస్త నిలదీసి అడగాలి.

మాస్టారికి మూత్రం కల్చర్ పరీక్ష, డాప్లర్ స్కాన్ చేశారు. రెండువారాలకు యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. మంచం మీద విశ్రాంతి, వాపు కింద ఆసరాగా మడతపెట్టిన తువ్వాలు. మూడోరోజుకు జ్వరం పోయింది. ఇక మాత్రలెందుకని పక్కన పెట్టబోతే, భార్య లెక్కపెట్టి మరీ మింగించింది. గట్టిగా తగిలే వాపు పూర్తిగా దిగడానికి మాత్రం నెల పైనే పట్టింది. ప్రోస్టేట్‌కు వేరే మందు మొదలుపెట్టారు. ఇప్పుడాయన రాత్రి ఒక్కసారే లేస్తున్నారు.