ఊ కొట్టడం వేరు, వినడం వేరు



ముప్ఫై నాలుగేళ్ళపాటు బడిపిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి పదవీవిరమణ చేసిన తెలుగు పండితుడు విమానాల గురించి టపా వ్రాయడమేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. విమానం నాకు పరాయిదే. కాని మాట నా వృత్తి. విమానాన్ని నడిపేవాడు నేలమీదివారితో మాట్లాడే మాట గురించి నిరుడు వేసవిలో నేను కొంత నేర్చుకొన్నాను. నేర్పినవాడు మా చెల్లెలి మనుమడు.

మా ఊళ్ళో పైలట్ అనగానే మొదట స్ఫురించేది సముద్రం. డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనున్న ఇరుకు కాలువలోనుండి ఓడలను రేవులోనికి తెచ్చేవారిని మా చిన్ననాటినుండీ పైలట్లనే అంటాము. ఆకాశపు పైలట్లు మాకు తరువాతి బంధువులు. దశాబ్దాలుగా వారు దిగుతూ వచ్చినది నౌకాదళంవారి రన్‌వే మీద. వారితో మాట్లాడుతూ వచ్చినదీ నౌకాదళపు కంట్రోలర్లే. ఆ స్థావరానికి 1991లో పెట్టిన పేరు ఐ.ఎన్.ఎస్. డేగ. యావద్భారత నౌకాదళం ఒక తెలుగు పక్షిపేరు పెట్టుకొన్నదని తరగతిలో గర్వంగా చెప్పేవాణ్ణి. మా ఇల్లు గోపాలపట్నంలో కావడం చేత ఆ డేగ గూటికి వచ్చిపోయే రెక్కల చప్పుడు నాకు గడియారంతో సమానం.

మనుమడి విషయానికి వస్తాను. వాడి తండ్రి ఉక్కు కర్మాగారంలో షిఫ్టుల ఉద్యోగి. అందువల్ల అయిదవ తరగతి వరకూ వాడు మా ఇంట్లోనే, నా కళ్ళముందే పెరిగాడు. పెద్దవాడై విమానం నడుపుతానన్నాడు. గాజువాక ప్రక్కన కొనుక్కొన్న స్థలం అమ్మి, అది చాలక బ్యాంకులో అప్పుచేసి, పొరుగు రాష్ట్రంలోని ఒక శిక్షణ సంస్థకు పంపించారు. నిరుడు ఏప్రిల్‌లో వాడు చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చేశాడు. ఎవరడిగినా సమాధానం లేదు. మూడవనాటి సాయంత్రం డాబా మీద నాతో చెప్పాడు.

ఒంటరిగా చిన్న సెస్నా విమానంలో ఎగిరి, దిగడానికి రన్‌వేకు ఎదురుగా వస్తున్నాడట. టవర్ “కంటిన్యూ అప్రోచ్” అన్నది. అంటే సమీపిస్తూ ఉండు, దిగడానికి అనుమతి ఇంకా ఇవ్వలేదు అని. అంతకుముందు ప్రతిరోజూ ఆ చోటికి వచ్చేసరికి “క్లియర్డ్ టు ల్యాండ్” అనే మాటే వినబడేది. ఆనాడు కూడా వీడి చెవికి అదే వినబడింది. “రోజర్” అని ఊరుకొన్నాడు. రన్‌వే చివర మరొక శిక్షణ విమానం ఇంకా ప్రక్కకు తప్పుకోలేదు. దిగవద్దు, మళ్ళీ పైకి లేవమని టవర్ కేక పెట్టేసరికి వీడి చక్రాలు నేలను తాకాయి. దూరం ఉన్నది కనుక ఆగగలిగాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కాని శిక్షకుడు వీణ్ణి కొన్నాళ్ళు ఎగరనివ్వలేదు. దానికితోడు రేడియో లైసెన్సుకు పెట్టే మౌఖిక పరీక్ష కూడా అంతకుముందే ఒకసారి తప్పాడట. “నాకు ఇంగ్లీషు రాదు తాతయ్యా, ఇక నేను వెళ్ళను” అన్నాడు.

ఆ పరీక్ష ఏమిటో చూద్దామని పుస్తకం తెప్పించుకొన్నాను. చాలాకాలం టెలికాం శాఖవారు పెట్టిన ఆ పరీక్ష, 2024 నాటి భారతీయ వాయుయాన అధినియమం వచ్చిన తరువాత పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్ చేతికి వచ్చింది. పుస్తకం తెరిస్తే నాకు చిన్నప్పటి ఛందస్సు గుర్తుకువచ్చింది. గణాలు మరచిపోకుండా మనకు యమాతారాజభానసలగం ఉన్నట్లే, అక్షరాలు చెడకుండా వారికి ఆల్ఫా, బ్రావో, చార్లీ ఉన్నాయి. 1956నుండి లోకమంతటా ఆ వర్ణమాలే నడుస్తున్నది. అంకెలకూ వేరే ఉచ్చారణ ఉన్నది. ఫైవ్‌ను ఫైఫ్ అనాలి, నైన్‌ను నైనర్ అనాలి. గరగర మధ్య ఒకటి మరొకటిగా వినబడకూడదు గదా.

అన్నిటికంటె నన్ను ఆకర్షించినది “రోజర్”. ఆ మాటకు అవును అని అర్థం లేదు. నీవు చెప్పినదంతా నాకు అందింది అని మాత్రమే. అవును అనడానికి “అఫర్మ్”. విన్నాను, అలాగే చేస్తాను అనడానికి “విల్కో”. కథ చెబుతుంటే మనం ఊ కొడతామే, రోజర్ అంటే అదే. ఊ కొట్టినవాడికి కథ తెలిసిందో లేదో ఊ వల్ల తెలియదు. అందుకే ముఖ్యమైన మాటలను, అనగా దిగే అనుమతి, ఎత్తు, రన్‌వే సంఖ్య వంటివాటిని, విన్నవాడు తిరిగి పలకాలని నియమం. మన వేదపాఠకులు పదాన్ని ముందుకూ వెనుకకూ త్రిప్పి జట, ఘన అని వల్లించి అక్షరం పోకుండా కాపాడుకొన్న ఉపాయానికి ఇది చుట్టమే. ఆనాడు వీడు రోజర్ అనక “కంటిన్యూ అప్రోచ్” అని తిరిగి పలికి ఉంటే, చెవి చేసిన తప్పును నాలుక పట్టి ఇచ్చేది.

ఒక్క అక్షరం ఎంతపని చేస్తుందో మనవారికి తెలియనిది కాదు. ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని హోమం చేసిన త్వష్ట, స్వరం తప్పి, తత్పురుషం కావలసిన చోట బహువ్రీహి పలికాడు. ఇంద్రుడే ఎవనిని చంపుతాడో అట్టి వృత్రుడు పుట్టాడు. ఆ కథకు దీటైనది 1989 ఫిబ్రవరిలో కౌలాలంపూర్ దగ్గర జరిగింది. రెండువేల నాలుగువందల అడుగులకు దిగమనే ఉద్దేశంతో కంట్రోలర్ “టూ ఫోర్ జీరో జీరో” అన్నాడు. సరకు విమానంలోని వారికి అందులోని మొదటి “టూ” అంకెగా వినబడలేదు. “నాలుగువందలకు” అనే చోట ఉండే చిన్నమాటగా వినబడింది. నాలుగువందలనే తిరిగి పలికారు. ఆ తిరుగుమాటను ఎవరూ దిద్దలేదు. విమానం కొండను తాకి నలుగురూ మరణించారు.

ఇక మా అభ్యాసం. ముఖం కనబడితే ఊహించి చెబుతాడని వాణ్ణి క్రిందిగదిలో కూర్చోబెట్టి, డాబా మీదనుండి ఫోనులో నేను టవర్ అయ్యేవాణ్ణి. విక్టర్ టాంగోతో మొదలయ్యే ఒక పేరు కల్పించుకొన్నాం; మన దేశపు విమానాల పేర్లన్నీ అలాగే మొదలవుతాయి. చిన్న విమానాల వాళ్ళు చేసే పొరపాట్లన్నీ కావాలని చేయించేవాణ్ణి. బొత్తాం నొక్కకముందే మాట మొదలుపెడితే మొదటి అక్షరం పోతుంది. నొక్కిన బొత్తాం ఇరుక్కుపోతే ఆ తరంగం మీద ఉన్నవారందరి నోళ్ళూ మూతపడతాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కీచుమనే శబ్దమే మిగులుతుంది. ఎవరో మరొకరికి ఇచ్చిన అనుమతిని, పేరు పోలి ఉన్నది గదా అని, తనకే ననుకొనేవారూ ఉంటారు.

వారం గడిచేసరికి ఒకటి గమనించాను. వీడికి ఇంగ్లీషు వచ్చును. కాని నా మాట సగం తెగినప్పుడు, “సే అగైన్” అని అడగడం మాత్రం రాదు. మిగిలిన సగాన్ని ఊహతో పూరించి గట్టిగా చెప్పేవాడు. సమస్యాపూరణంలో అది ప్రతిభ. ఆకాశంలో ప్రాణాంతకం. “అడగవేమిరా?” అన్నాను. ఫోనులో కాసేపు మౌనం.

“చిన్నప్పుడు ఉక్తలేఖనం చెబుతూ, రెండోసారి చెప్పను అనేవారు కదా తాతయ్యా. అడిగితే గోడకుర్చీ వేయించేవారు. వినబడకపోతే ఊహించి వ్రాసేవాణ్ణి. చాలాసార్లు సరిపోయేది.”

నేను ఫోను ప్రక్కన పెట్టాను. నిజమే. అది నా తరగతి నియమం. ఏకాగ్రత అలవడుతుందని పెట్టాను. ముప్ఫై నాలుగేళ్ళలో ఎన్ని వందలమంది పిల్లలు నా ముందు కూర్చొన్నారో! “అర్థమైందా?” అంటే “అర్థమైందండీ” అని ముక్తకంఠంతో పలికేవారు. ఆ కోరస్ విని తృప్తిపడి పాఠం ముగించేవాణ్ణి. అదంతా ఊ కొట్టడమేనా? అందులో ఎందరు ఊహించి వ్రాసుకొన్నారు? సరిపోయిన ఊహలకు నేను మార్కులు కూడా వేశాను. ఊహ పదిసార్లు సరిపోవడమే, పదకొండవసారి ముంచడానికి కావలసిన సన్నాహం.

చెప్పేవాడి వైపు దోషం కూడా ఉంటుందని ఆ రాత్రి పుస్తకాలు చెప్పాయి. 2001 అక్టోబరు 8న ఇటలీలోని మిలాన్ నగరపు లినాటే విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. ఒక చిన్న సెస్నా జెట్టును “రోమియో 5” అనే దారిన వెళ్ళమన్నారు. పైలట్లు “రోమియో 5” అనే తిరిగి పలికారు. పొరపాటున “రోమియో 6” దారి పట్టారు. దారిలో “సియెర్రా 4” అనే గుర్తు దగ్గరకు వచ్చామని చెప్పారు కూడా. ఆ గుర్తు ఎక్కడిదో కంట్రోలరుకు తెలియదు. ఏది అది అని అడగలేదు, ముందుకు సాగమన్నాడు. చిన్న విమానం పెద్ద రన్‌వే మీదికి చేరింది, ఎదురుగా ప్రయాణికుల విమానం పైకి లేస్తున్నది. 118 మంది పోయారు. నేల రాడార్ లేకపోవడం, గుర్తులు సరిగా లేకపోవడం వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. నాకు మాత్రం ఆ సియెర్రా 4 దగ్గర చూపు నిలిచిపోయింది. శిష్యుడు తానెక్కడున్నాడో చెప్పాడు. గురువు అడగలేదు. వల్లెవేయడం కూడా చాలదన్నమాట.

మరునాడు వాణ్ణి డాబా మీదికే పిలిచి, చిన్నప్పటి ఆ నియమం తప్పని చెప్పాను. వయసైనవాడు మనుమడితో అలా చెప్పడం మా ఇళ్ళలో రివాజు కాదు. వాడే ఇబ్బందిపడి “పోనీలెండి తాతయ్యా” అన్నాడు. ఆనాటినుండి మాకొక కొత్త నియమం. నేను చెప్పే ప్రతి పది వాక్యాలలో మూడింటిని కావాలనే గొణిగేవాణ్ణి. వాడు మూడుసార్లూ మళ్ళీ చెప్పమని అడిగితేనే ఆ పూట అభ్యాసం ముగిసినట్లు. మొదట్లో “సే అగైన్” అనేటప్పుడు వాడి గొంతు నేరం ఒప్పుకొంటున్నట్లుండేది. నెల తిరిగేసరికి మంచినీళ్ళు అడిగినట్లు అడగసాగాడు.

జూన్‌లో తిరిగి వెళ్ళాడు. పరీక్ష గట్టెక్కింది. ఒంటరిగా మళ్ళీ ఎగురుతున్నాడు. అప్పు ఇంకా తీరవలసే ఉన్నది.

మొన్న ఫోను చేసి, ఎన్ని గంటలు ఎగిరాడో చెప్పాడు. ఈమధ్య నా కుడిచెవి సరిగా పనిచేయడం లేదు. ఒకప్పుడైతే “మంచిది నాయనా” అని ఊరుకొనేవాణ్ణి. “సే అగైన్” అన్నాను. వాడు నవ్వలేదు. ఒక్కొక్క అంకే విడదీసి, నిదానంగా మళ్ళీ చెప్పాడు. నేను తిరిగి పలికాను. “అఫర్మ్ తాతయ్యా” అన్నాడు.

మిత్రులలో ఉపాధ్యాయులున్నారని ఎరుగుదును. మీ తరగతిలో రెండోసారి అడిగిన పిల్లవాడు ఎవరైనా ఉంటే, వాడి గురించి వ్రాయండి. చదవాలని ఉన్నది.