పచ్చకన్ను వెలిగితేనే పాట!

మీరు బొత్తాం నొక్కగానే పాట వచ్చేస్తుంది. నా రేడియోగ్రాములకి అంత తొందర లేదండోయ్! వాల్వులు వేడెక్కాలి, పచ్చకన్ను వెలగాలి, అప్పుడుగానీ గొంతు విప్పవు. బల్లంత టేకు పెట్టె, పైమూత ఎత్తితే రికార్డు ప్లేయరు... అలాంటివి మూడు పోగేశాను. లోపలి వాల్వులు పీకేసి, బ్లూటూత్ బిగించి అమ్ముతున్నారు కొందరు. నాకది గిట్టదు. పెట్టె పాతదే, గొంతు మాత్రం డబ్బింగు!

నాలుగోది సికింద్రాబాదులో ఒక బామ్మగారింట్లో దొరికింది. "డబ్బులొద్దు నాయనా! బాగుచేసి నాకోసారి వినిపించు, తర్వాత నీదే" అన్నారు. కండెన్సర్లు ఎండిపోయాయి. ఈఎల్ 84 వాల్వు పోయింది. దానికోసం జుమ్మేరాత్ బజార్లో ఎన్ని గురువారాలు తిరిగానో! స్విచ్చి తీసేసినా లోపల రెండు మూడొందల వోల్టులు పొంచి ఉంటాయి, ఆషామాషీ వ్యవహారం కాదు.

చివరికి ట్రాలీ ఆటోలో తీసుకెళ్ళాను. ఆవిడ దాచుకున్న 1951 నాటి 'పాతాళ భైరవి' రికార్డు పెట్టాం. ఘంటసాల గొంతు మొదలవకముందే స్పీకర్లోంచి సన్నటి గుర్రు. బామ్మగారు కళ్ళు మూసుకుని, "అదే... మీ తాతగారు దీని పక్కనే కునుకు తీసేవారు" అన్నారు. పాట అయిపోయినా స్విచ్చి తియ్యనివ్వలేదు.

పెట్టె అక్కడే వదిలేసి వచ్చాను. నా దగ్గర ఇప్పటికీ మూడే.