హిట్ పాటల ఇల్లు!

డెట్రాయిట్ అనగానే కార్లు గుర్తొస్తాయి. ఫోర్డు, జనరల్ మోటార్స్, క్రిస్లర్... అమెరికాని చక్రాల మీద నడిపించిన ఊరది. మన తెలుగువాళ్లూ అక్కడ బోలెడుమంది ఉన్నారు. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి శివార్లలో ఇళ్లు కట్టుకుని స్థిరపడిపోయారు. మనూరి నుంచి చుట్టాలొస్తే హెన్రీ ఫోర్డు మ్యూజియం చూపిస్తారు, వీలైతే నయాగరా దాకా తీసుకెళతారు. కానీ వెస్ట్ గ్రాండ్ బౌలెవార్డ్‌లోని 2648 నంబరు ఇంటికి తీసుకెళ్లేవాళ్లు తక్కువే. ‘అక్కడేముంది, పాత ఇల్లేగా’ అన్నాడు నన్ను కారులో దింపిన మా పెద్దమ్మ కొడుకు. పన్నెండేళ్లుగా ఆ ఊళ్లోనే ఉన్నా లోపలికెళ్లి చూసింది లేదట!

నిజమే, చూడ్డానికి మామూలు రెండంతస్తుల ఇల్లే. తెల్లటి గోడలు, నీలం అంచులు, ముందు కాస్త పచ్చిక. ముఖం మీద మాత్రం పెద్ద అక్షరాలతో ‘హిట్స్‌విల్ యు.ఎస్.ఎ.’ అని ఉంటుంది. బెర్రీ గోర్డీ అనే నల్లజాతి యువకుడు 1959లో ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని మొదలుపెట్టిన పాటల కంపెనీ ఇక్కడే పుట్టింది. మోటార్ టౌన్ అనే మాటని కుదించి దానికి ‘మోటౌన్’ అని పేరు పెట్టాడు. అంతకుముందు గోర్డీ కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఒక వైపు నుంచి ఉత్తి చట్రం వస్తే రెండో వైపు నుంచి కొత్త కారు బయటికెళ్లడం రోజూ చూసేవాడు. పాటల్నీ అలాగే తయారుచేయొచ్చు కదా అనుకున్నాడు. ఒకరు రాస్తారు, ఒకరు బాణీ కడతారు, ఇంకొకరు గాయకులకి నడకా నవ్వూ నేర్పిస్తారు. చివర్లో తనిఖీ. శుక్రవారం పొద్దున్న అందరూ కూర్చుని కొత్త పాటలకి ఓట్లేసేవారు. ‘జేబులో ఆఖరి డాలరుంటే ఈ రికార్డు కొంటారా, శాండ్‌విచ్ కొంటారా?’ అన్నది గోర్డీ అడిగే ప్రశ్న. రికార్డు అన్నవాళ్లు ఎక్కువైతేనే అది బజార్లోకి వెళ్లేది.

ఇప్పుడు అదంతా మ్యూజియం. గోర్డీ అక్క ఎస్తర్ 1985లో ఏర్పాటుచేశారు. ఇంటి వెనకున్న చిన్న గదే స్టూడియో ఎ. అందులో పియానో, మైకులు అలాగే ఉన్నాయి. నలుగురు నిలబడితే ఇరుకనిపించే ఆ గది ఒకప్పుడు రోజుకి 22 గంటలు తెరిచే ఉండేదట. గైడు మనల్ని ఓ చోట నిలబెట్టి చప్పట్లు కొట్టమంటుంది. కొడితే పైకప్పులోని కంతలోంచి ఆ శబ్దం గుయ్యిమంటూ తిరిగొస్తుంది. పాటల్లో వినిపించే ప్రతిధ్వని ఏ యంత్రంలోంచో రాలేదు, అటక మీది నుంచి వచ్చిందన్నమాట! పక్కనే చాక్లెట్ల యంత్రం. చూపులేని స్టీవీ వండర్ తడుముకోకుండా తనకిష్టమైంది తీసుకోవాలని దాన్ని ఎప్పుడూ ఒకే వరుసలో పెట్టేవారని చెబుతారు.

రెండు నిచ్చెనలు

ఈ ఇంటి గొప్పదనం తెలియాలంటే అమెరికా పాటల లెక్క కాస్త తెలియాలి. మన పెద్దవాళ్లకి బినాకా గీత్‌మాలా గుర్తుండే ఉంటుంది. బుధవారం రాత్రయితే రేడియో సిలోన్ పెట్టుకుని, ఈ వారం ఏ పాట పైకెక్కిందో, ఏది జారిందో అమీన్ సయానీ గొంతులో వినేవారు. ఒక్కో స్థానాన్ని ఆయన ‘పాయ్‌దాన్’ అనేవారు, అంటే మెట్టు. అమెరికాలో అలాంటి నిచ్చెనని వేసేది ‘బిల్‌బోర్డ్’ పత్రిక. 1958 ఆగస్టు నుంచి ‘హాట్ 100’ పేరుతో వారం వారం నూరు పాటల జాబితా ఇస్తోంది. ఇప్పట్లా కంప్యూటర్లు లేవు. దుకాణాలకి ఫోన్లు చేసి ఏ రికార్డు ఎంత అమ్ముడవుతోందో అడిగేవారు, రేడియోవాళ్లు ఏది ఎక్కువ వేస్తున్నారో కనుక్కునేవారు. దుకాణందారు మాటే లెక్క. 1970 జులై 4న కేసీ కేసమ్ అనే ఆయన అందులోని మొదటి 40 పాటల్ని రేడియోలో వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన సొంతూరూ డెట్రాయిటే!

అయితే అక్కడ నిచ్చెనలు రెండు. నల్లవాళ్లు ఉండే పేటల్లోని దుకాణాల లెక్కలతో విడిగా ఇంకో జాబితా ఉండేది. దానికి 1969లో ‘సోల్’ అని పేరు మార్చారు. ఒకే పాట ఒకే వారంలో రెండు చోట్ల రెండు స్థానాల్లో కనిపించేది. ఆ తేడాని చూస్తే దేశంలో ఎవరు ఏం వింటున్నారో అర్థమైపోతుంది. మెంఫిస్‌లో పాత సినిమాహాల్లో రికార్డయిన ఆల్ గ్రీన్ పాట ‘లెట్స్ స్టే టుగెదర్’ 1972లో హాట్ 100 శిఖరం మీద ఒక్క వారమే ఉంది. సోల్ జాబితాలో ఏకంగా తొమ్మిది వారాలు! అదే ఊరి ఐజాక్ హేస్ ‘షాఫ్ట్’ సినిమా పాటది తిరకాసు కథ. 1971 నవంబరులో దేశమంతటా మొదటి స్థానం, సోల్ జాబితాలో మాత్రం రెండో స్థానం దాటలేదు.

ఆ రెండు నిచ్చెనల్నీ ఒకేసారి ఎక్కడమే గోర్డీ పట్టుదల. 1970లో అది దాదాపు ఆటలా సాగింది. జాక్సన్ 5 అన్నదమ్ముల మొదటి నాలుగు పాటలూ వరసగా హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్లాయి. అంతకుముందు ఎవరికీ అలా జరగలేదు. ముందు నిలబడి పాడే మైకేల్‌కి అప్పటికి పన్నెండేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. మూడేళ్లనాటి ఆల్బంలో మరుగునపడిన ‘ది టియర్స్ ఆఫ్ ఎ క్లౌన్’ సంగతి మరీ చిత్రం. బ్రిటన్ శాఖవాళ్లు తీసి విడుదల చేస్తే అక్కడ నంబర్ వన్ అయింది. అప్పుడుగానీ ఇక్కడివాళ్లకి దాని విలువ తెలియలేదు. డిసెంబరుకల్లా అమెరికాలోనూ నంబర్ వన్.

యజమాని వద్దన్న పాట

నాకు ఆ చిన్న గదిలో అన్నిటికన్నా గుర్తొచ్చింది మాత్రం మార్విన్ గే. తమ్ముడు ఫ్రాంకీ వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చి చెప్పిన సంగతులు అతన్ని కుదిపేశాయి. ఊరి పరిస్థితీ అలాగే ఉంది. 1967 జులైలో హిట్స్‌విల్‌కి కూతవేటు దూరంలో మొదలైన అల్లర్లలో 43 మంది చనిపోయారు. ఇవన్నీ జరుగుతుంటే ప్రేమ పాటలు ఎలా పాడాలన్నది మార్విన్ ప్రశ్న. కాలిఫోర్నియాలో నిరసనకారుల్ని పోలీసులు కొట్టడం చూసిన ఓబీ బెన్సన్ మొదలుపెట్టిన పాటని తీసుకుని, తానూ కొంత కలిపి, 1970 జూన్‌లో ఇక్కడే పాడాడు. అదే ‘వాట్స్ గోయింగ్ ఆన్’.

గోర్డీకి నచ్చలేదు. ఇలాంటివి అమ్ముడుకావన్నాడు. అది విడుదల చేస్తేగానీ ఇంకో పాట పాడనని మార్విన్ భీష్మించుకు కూర్చున్నాడు. ఎట్టకేలకు 1971 జనవరిలో బయటికొచ్చింది. దుకాణాల్లో ఆగలేదు. సోల్ జాబితాలో ఐదు వారాలు మొదటి స్థానం. హాట్ 100లో మాత్రం ఏప్రిల్ 10 నాటికి రెండో మెట్టెక్కి మూడు వారాలు అక్కడే ఆగిపోయింది. ఆ మొదటి వారం దాని పైనున్నదెవరో తెలుసా? మోటౌన్ వాళ్లదే, టెంప్టేషన్స్ పాట. తర్వాత ‘త్రీ డాగ్ నైట్’ అనే రాక్ బృందం పాట ఆరు వారాలు కదలకుండా కూర్చుంది. ఆ పాటని ఇప్పుడు ఎంతమంది తలుచుకుంటున్నారో గానీ, రెండో మెట్టు మీద ఆగిన మార్విన్ పాట కోసం జనం ఇంకా ఈ ఇంటికి వస్తున్నారు. యజమానీ మారు మాట్లాడలేదు, వెంటనే ఆల్బం చేయమన్నాడు. వెనక వాయించినవాళ్ల పేర్లు అట్ట మీద అచ్చేయడం మోటౌన్‌లో ఆ ఆల్బంతోనే మొదలు. అన్నేళ్లుగా ప్రతి హిట్ వెనకా ఉన్న ‘ఫంక్ బ్రదర్స్’ ఎవరో కొనేవాళ్లకి అప్పటిదాకా తెలియనే తెలియదు!

ఆ సంతోషం ఎక్కువ కాలం లేదు. 1972లో గోర్డీ కంపెనీని లాస్ ఏంజెలెస్‌కి మార్చేశాడు. ఎప్పట్లాగే వాయించడానికొచ్చినవాళ్లకి తలుపు మీద కాగితం కనిపించిందని చెబుతారు. కొందరు వెంట వెళ్లారు, ఎక్కువమంది ఊళ్లోనే ఉండిపోయారు. అప్పటికే మోటౌన్‌ని వదిలేసిన స్పిన్నర్స్ బృందం ఫిలడెల్ఫియాలో పాడిన పాటతో అదే ఏడాది సోల్ జాబితాలో మొదటి స్థానం కొట్టింది. ఆ తర్వాత రెండేళ్లూ ఫిలడెల్ఫియా హవానే.

నది అవతలి చెవి

డెట్రాయిట్ నది ఒడ్డుకి వెళితే ఎదురుగా విండ్సర్ కనిపిస్తుంది. అది కెనడా. విచిత్రమేంటంటే ఇక్కడ కెనడా మనకి దక్షిణాన ఉంటుంది! అక్కడి సి.కె.ఎల్.డబ్ల్యు. రేడియో 50 వేల వాట్ల గొంతుతో డెట్రాయిట్‌ని ఏలేది. ఏ పాట వేయాలో నిర్ణయించేది రోజలీ ట్రాంబ్లీ. స్విచ్‌బోర్డు ఆపరేటరుగా చేరి, 1968లో సంగీత విభాగం అధిపతి అయిందామె. ఆమె సరేనంటే పాట దేశమంతా పాకినట్టే అని కంపెనీలవాళ్లు ఆమె గది ముందు పడిగాపులు కాసేవారు. ఇంగ్లండు గాయకుడు ఎల్టన్ జాన్ పాట ‘బెన్నీ అండ్ ది జెట్స్’ని డెట్రాయిట్ నల్లజాతి శ్రోతలు పదేపదే అడుగుతున్నారని ఆమె గమనించింది. సింగిల్‌గా విడుదల చేయమని పట్టుబట్టింది. ఎల్టన్‌కి నమ్మకం లేదు. 1974 ఏప్రిల్‌లో అది హాట్ 100లో నంబర్ వన్ అయింది, సోల్ జాబితాలో 15వ స్థానం దాకా వెళ్లింది.

రోజలీ 2021లో చనిపోయారు. విండ్సర్ నది ఒడ్డున ఆమె విగ్రహం పెట్టారు. సొరంగంలోంచి కారులో వెళితే కొద్ది నిమిషాల ప్రయాణమే కానీ, అమెరికా వీసా ఒక్కటే ఉంటే మనవాళ్లని అటు పోనివ్వరు, కెనడా వీసా విడిగా తీసుకోవాలి. హిట్స్‌విల్‌కయితే టికెట్ ముందే కొనుక్కోండి. లోపలికి చిన్న చిన్న బృందాలుగానే పంపిస్తారు. ఫొటోలు తీయనివ్వరు. చప్పట్లు మాత్రం ఎన్నయినా కొట్టొచ్చు.