ఊపిరికి కొటేషన్లు

మన సంఘపు సంచికలో వ్యాసములు ఉగాదిని గూర్చియో, త్యాగరాజస్వామి వారిని గూర్చియో, పిల్లలకు తెలుగు నేర్పుటను గూర్చియో యుండుట పరిపాటి. సముద్రములో మునిగెడివారు నోట కరచుకొను ఒక పరికరమును కొనుటను గూర్చి నేను వ్రాయబూనుట చూచి చదువరులు నవ్వుకొనవచ్చును. మహదేవపురములో కాపురమున్నవారికి సముద్రముతో నేమి పని? మన ఊరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. తూర్పునకు పోయినను, పడమటికి పోయినను, బస్సుదారిన మూడువందల కిలోమీటర్ల పైమాటయే. మాకు తెలిసిన జలములు మహదేవపుర చెరువును, వారమునకు రెండుమారులు వచ్చు ట్యాంకరును. అయినను నిరుడు ఆషాఢములో ఈ వ్యవహారము మా యింటికి వచ్చి కూర్చున్నది.

మా అన్నగారి కుమారుడు ఇక్కడనే రింగురోడ్డు ప్రక్కన ఒక సాఫ్ట్‌వేరు కార్యాలయములో ఉద్యోగి. రెండేండ్లుగా వాడు స్కూబా డైవింగు అను విద్య నభ్యసించుచున్నాడు. మొదట ఈతకొలనులో నేర్చి, పిదప రాత్రి బస్సులో మురుడేశ్వరమునకు పోయి, అచ్చటినుండి పడవమీద సుమారు 19 కిలోమీటర్ల దూరమున నున్న నేత్రాణి దీవి చెంత మునుగుచుండెను. 18 మీటర్ల లోతువరకు పోవుటకు అర్హతాపత్రము కూడ సంపాదించినాడు. ఇంతవరకు వారిచ్చు అద్దె సామానుతోనే పని జరిగినది. ఇప్పుడు సొంతముగా కొందునని పట్టుపట్టెను.

ఒకనాటి సాయంకాలము వదినగారు వచ్చి, కాఫీయైనను ముట్టకుండ, "ఏమయ్యా, నీ అన్నకొడుకు సముద్రంలో దిగడానికి సొంతంగా రెగ్యులేటరు కొంటాడట. నువ్వయినా వద్దని చెప్పు. మీ అన్నయ్య ఎట్లా పోయారో వాడు మరిచిపోయినట్టున్నాడు" అనిరి.

రెగ్యులేటరు అను మాట మా యింట నిష్కారణముగా పలుకబడదు. 2021వ సంవత్సరము మే నెలను ఈ నగరములో నున్నవారెవ్వరును మరువలేరు. అన్నగారికి జ్వరము వచ్చిన నాల్గవనాడు ఊపిరి తగ్గినది. ఆసుపత్రిలో మంచము దొరకలేదు. తెలిసినవారి దయవలన మధ్యాహ్నము పన్నెండు గంటలకు ఒక ఆక్సిజను సిలిండరు దొరికినది. రెగ్యులేటరు వేరుగా తెచ్చుకొనవలెననిరి. నేను స్కూటరుమీద పోయి ఒకచోట తెచ్చితిని. తెచ్చి చూతును గదా, సిలిండరు మూతి ఒక తీరు, రెగ్యులేటరు మర మరియొక తీరు. మూతులలో రెండు మూడు రకములు గలవు. ఒకదానికి మరతో బిగించు ముక్కు. ఇంకొకదానికి చిన్న రంధ్రములలో కూర్చుండు మేకులు. ఒకదానిది మరియొకదానికి ఎంత త్రిప్పినను పట్టదు. సరియైనది దొరకునప్పటికి రాత్రి తొమ్మిది గంటలైనది. వెల పదిరెట్లు. మరునాడు మంచము దొరికినది. ఆరవనాడు అన్నగారు వెళ్ళిపోయిరి.

ఆ ఆలస్యమే కారణమని ఏ వైద్యుడును అనలేదు. కాని నేను ముప్పదియైదేండ్లు ఒక కర్మాగారపు కొనుగోళ్ళ విభాగములో గుమాస్తాగా పనిచేసినవాడను. ఏ మూతికి ఏ మర యెక్కునో విచారింపక ఆర్డరు వ్రాయరాదని క్రొత్తగా చేరినవారికి నేర్పినవాడను. ఆనాడు ఆ ఒక్క ప్రశ్న నేను అడుగ మరచితిని. పన్నెండునుండి తొమ్మిదివరకు గల ఆ గంటలు నాకు నేటికిని గడువలేదు.

కనుక వదినగారి మాట విని, వాడిని పిలిచి మందలింతమనియే కూర్చుంటిని. వాడు వచ్చి, నా యెదుట నాలుగు కాగితములు పరచి, "బాబాయ్, కొంపారిటివ్ స్టేట్‌మెంటు వెయ్యడం నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? మూతి సంగతి కూడా నువ్వే చూడాలి" అనెను. ఆ రెండవ మాటకు నాకు మందలించుటకు నోరు రాలేదు. ఆ పగలు నా స్కూటరు వెనుక కూర్చున్నవాడు వాడే.

ఇక వస్తువు సంగతి. వంటింటి గ్యాసు సిలిండరుకు రెగ్యులేటరు ఏమి చేయునో ఇదియు నదే చేయును, కాని రెండంచెలుగా. వీపున కట్టుకొను సిలిండరులో గాలిని సుమారు 200 వాతావరణముల ఒత్తిడితో కూరుదురు. అది కారు చక్రములోని గాలికి తొంబది రెట్లకు దగ్గర. (పత్రికలలో దీనిని ఆక్సిజను సిలిండరని వ్రాయుట పొరపాటు. అది మనము పీల్చు గాలియే. శుద్ధమైన ఆక్సిజను ఆరు మీటర్ల లోతు దాటిన పిదప ప్రాణాపాయకరమగును.) సిలిండరు మూతికి బిగించు మొదటి అంచె, ఆ ఒత్తిడిని చుట్టునున్న నీటి ఒత్తిడికంటె తొమ్మిది పది వాతావరణములు మాత్రమే ఎక్కువగా నుండునట్లు తగ్గించును. నోట కరచుకొను రెండవ అంచెలో ఒక పలుచని రబ్బరు పొర యుండును. మనము ఊపిరి లాగగనే ఆ పొర లోనికి వంగి ఒక మీటను నొక్కును, గాలి వచ్చును. లాగుట మానినంతనే ఆగును. నీటిలో పది మీటర్లకు ఒక వాతావరణము చొప్పున ఒత్తిడి పెరుగును గనుక, ఇరువది మీటర్ల లోతున మనిషికి మూడురెట్లు చిక్కనైన గాలి కావలెను. దానిని అడిగినప్పుడు అడిగినంత ఇచ్చుటయే దీని ఉద్యోగము. అడుగకుండ ఇచ్చుట, అడిగినను ఈయకుండుట అను రెండు దోషములును దీనికి కూడదు. అట్టి గుమాస్తాలను నేను కొద్దిమందినే చూచితిని.

దీని పుట్టుక విచిత్రము. 1860 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున రుకెయ్‌రోల్ అను గనుల ఇంజనీరు గనులలో విషవాయువునుండి కాపాడుకొనుటకు ఇట్టి యంత్రమును కల్పించెను. దెనెరూజ్ అను నౌకాదళోద్యోగి దానిని నీటికి మలచెను. జూల్స్ వెర్న్ తన సముద్రపు నవలలో వీరి పరికరమును పేర్కొన్నాడు. తరువాత రెండవ ప్రపంచయుద్ధమున పెట్రోలు కరవై కార్లను కట్టెవాయువుతో నడుపవలసి వచ్చినప్పుడు, ఎమిల్ గాన్యాన్ అను ఇంజనీరు అందులకై ఒక వాల్వును చేసెను. మన పెద్దలు చెప్పుకొను బొగ్గు బస్సుల కాలమే యది. ఆ వాల్వునే ఆధారముగా గొని, 1943లో జాక్ కూస్తోయును అతడును కలిసి నేటి రెగ్యులేటరునకు మూలమైనదానిని నిర్మించిరి.

కాగితములను చూచితిని. మొదటిది ఒకడు ఉద్యోగము మాని విదేశమునకు పోవుచు అమ్మజూపిన పాతది, పదునైదువేలు. రెండవది ముప్పదివేల పైచిలుకు, మూడవది అరువదివేల పైచిలుకు, నాల్గవది లక్షా యిరువదివేలు. మా విభాగములో ఎల్-1 అను మాట వేదవాక్యము. అనగా అందరికంటె తక్కువ ధర వ్రాసినవానికే ఆర్డరు. అయితే ధరల కవరు విప్పుటకు ముందు సాంకేతికముగా సరిపడనివారిని తొలగింపవలెను. ఈ రెండవ సంగతి మరచిన ఆఫీసులలో గిడ్డంగులు పనికిరాని సామానుతో నిండుట చూచితిని.

పాతదానిని ముందు విచారించితిని. చూచుటకు మెరయుచుండెను. కడపటి సర్వీసు ఎప్పుడు జరిగినదని అడుగగా కాగితము లేదు. ఈ పరికరములను తయారుచేసినవారి నిబంధననుబట్టి ఏడాదికో రెండేండ్లకో, లేక నూరు మునుకలకో విప్పి, రబ్బరు వలయములను మార్పించవలెను. ఆ నమూనాకు విడిభాగములు ఇప్పుడు దొరకునా యనగా అమ్మజూపినవాడు బదులు చెప్పలేదు. విప్పి బాగుచేయించు ఖర్చు కలిపినచో క్రొత్తదాని ధరకు దరిదాపుగా పోవుచున్నది. కొట్టివైచితిని.

పిదప మూతి. ఇచ్చటను రెండు రకములే! ఒకటి యోక్ అందురు. యోక్ అనగా కాడి. నిజముగనే ఎద్దు మెడమీద కాడివలె సిలిండరు మూతిమీద కూర్చుండి వెనుకనుండి మరతో బిగియును. రెండవది డిన్ అను జర్మనుల పద్ధతి. మూతిలోపలికే మరతో దిగును. ఇది మరింత గట్టిది, 300 వాతావరణములకు కూడ తాళగలది గలదు. యోక్ 232 వరకే. కాని మన తీరములయందును, వాడు పోదలచిన అండమానులోను సిలిండరులు ఎక్కువగా యోక్ పట్టునవియే. డిన్ కొన్నచో ఒక అడాప్టరు వెంట నుంచుకొనవలెను. మురుడేశ్వరమువారికి ఫోను చేసి, వారి సిలిండరు మూతి ఫొటో తెప్పించి చూచిన తరువాతనే యోక్ అని వ్రాసితిని. ఆ ఫొటోను రెండుమూడు దినములు పలుమారులు తీసి చూచితినని ఇచ్చట ఒప్పుకొందును.

ఇక మూడు మిగిలినవి. ఇంతలో వదినగారు మరల వచ్చిరి. వారికి డైవరు అనగా శవములను వెదకువాడే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగినప్పుడును, అక్టోబరు 22న ధర్మాడి సత్యం గారి బృందము దానిని వెలికితీసినప్పుడును, విశాఖపట్నము డైవర్లు నీటి అడుగునకు పోయి త్రాళ్ళు కట్టుటను వారు టెలివిజనులో చూచియుండిరి. నేను వాడిని మాన్పింపక లెక్కలు వేయుచుండుట చూచి వారికి కోపము వచ్చినది. కొంతసేపటికి కాగితములవైపు చూచి, "సరే, దిగేవాడు ఎలాగూ దిగుతాడు. ఊపిరి పీల్చే దానిలో పిసినారితనమేమిటి? ఆ లక్షా ఇరవైవేలదే కొనండి. మీ అన్నయ్య పి.ఎఫ్. డబ్బు బ్యాంకులో అలాగే ఉంది" అనిరి.

నేను కొంతసేపు మాటాడలేకపోతిని. కాని కొనుగోళ్ళ గుమాస్తా కన్నీటితో ఆర్డరు వ్రాయరాదు. ఆ నాల్గవదాని ధర యెందులకో వారికి వివరించితిని. అది పది డిగ్రీలకంటె చల్లని నీటిలో లోపలి భాగములు గడ్డకట్టకుండునట్లు చేసినది. తేలికయైన ఖరీదైన లోహముతో చేసినది. మన సముద్రములో నీరు ఇరువదియెనిమిది డిగ్రీల ప్రాంతమున నుండును. స్నానపు నీరు. అచ్చట లేని మంచునకు వెల యిచ్చుట యెందులకు? ఐరోపావారి ఈ.యన్. 250 అను ప్రమాణము నందిన రెగ్యులేటరు, చౌకదియైనను సరే, 50 మీటర్ల లోతునకు సరిపడు ఒత్తిడిలో పరీక్షింపబడినదే. మావాడు పోవునది 18 మీటర్లు.

అట్లైన ముప్పదివేలదే చాలదా యని మావాడు అడిగెను. చాలును. అది అన్‌బేలన్స్‌డ్ పిస్టను రకము. లోపల కదలు భాగములు తక్కువ, చెడునది తక్కువ, సర్వీసు చౌక. అద్దెకిచ్చు దుకాణములలో ఎక్కువగా నుండునవి యిట్టివే. సిలిండరులో గాలి తగ్గినకొలది ఊపిరి లాగుట కొంచెము బరువగును, అంతే. ఏడాదికి రెండుమారులు పోవువారు అదియైనను కొననక్కరలేదు. ముఖమునకు సరిపడు మాస్కు మాత్రము కొనుక్కొని తక్కినది అద్దెకు తీసికొనుట మేలు. మావాడు ఏటికి ఇరువది మునుకలు వేయుచున్నాడు గనుకనే ఈ చర్చ.

ఆ బొమ్మలలో పసుపుపచ్చని గొట్టముతో మరియొక నోటిముక్క వ్రేలాడుచుండెను. వదినగారు దానిని చూపి, "ఇది రెండోది ఎందుకు? వాడికి ఉన్నది ఒక్క నోరే కదా" అనిరి.

దానిని ఆక్టోపస్ అందురని మావాడు చెప్పెను. ప్రక్కనున్నవానికి గాలి అయిపోయినచో, వెదకుకొనకుండ కంటబడుటకే ఆ పసుపురంగు. దానిని వాని నోటికిచ్చి, ఇద్దరును ఒక్క సిలిండరుతో మెల్లగా పైకి రావలెను. ఆ సమయమున ఊపిరి బిగబట్టరాదు. బిగబట్టినచో లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లును. సరిగా ఆ సమయముననే, సిలిండరు అడుగంటియుండగా ఇద్దరు భయముతో గబగబ లాగుచుండగా, అన్‌బేలన్స్‌డ్ రకము కొంత తడబడును. అరువదివేలదైన బేలన్స్‌డ్ డయాఫ్రము రకము సిలిండరు నిండుగా నున్నను, వట్టిపోవుచున్నను ఒక్కతీరుగనే యిచ్చును. ఒక్కని ఊపిరికైనచో నేను ముప్పదివేలదే వ్రాసియుందును. ఇద్దరికి కావున మూడవదాని యెదుట టిక్కు పెట్టితిని. స్టేట్‌మెంటులో కారణము వ్రాయు గడిలో "ప్రక్కవాని నిమిత్తము" అని వ్రాసితిని. ఆడిటరుండినచో ఒప్పుకొనునో లేదో.

వదినగారు ఆ పసుపుపచ్చనిదానివైపు చాలసేపు చూచి, "దాని డబ్బు నేనిస్తాను. తక్కినది వాడి జీతంలో కొనుక్కోమను" అనిరి. అద్దుకొనుట కూడ మానలేదు, కోపమును మానలేదు. వేడి కాఫీ అడిగి త్రాగిరి.

ధర అంతటితో తీరలేదు. సర్వీసు మన ఊరిలో జరుగునా, చెన్నపట్టణమునకో గోవాకో పంపవలెనా, విడిభాగముల వెల యెంత అని వ్రాతపూర్వకముగా అడిగి తెప్పించితిని. ఏటేట నాలుగైదువేల చొప్పున అయిదేండ్లకు వేసి చూచినచో, కొన్నదానిలో మూడవవంతుకు మించిన ఖర్చు మరల వచ్చుచున్నది. గాలి యెంత మిగిలినదో చూపు గేజి ఆ ధరలో చేరినదా యని కూడ అడుగవలెను. కొందరు దానిని వేరుగా అమ్ముదురు. లక్షా యిరువదివేలదానికి పోక మిగిలిన సొమ్ముతో వాడు లోతును కాలమును లెక్కించు చేతిగడియారమువంటి కంప్యూటరును కొని, ప్రక్కవానిని రక్షించు విద్యలో ఇంకొక తరగతి చదివెను.

వర్షాకాలమున నేత్రాణికి పడవలు నడువవు. కార్తికములో వాడు పోయెను. ఆ ఆదివారము వదినగారు మా యింటనే యుండిరి. సోమవారపు ఉపవాసమును ఒకనాడు ముందుగనే చేసిరి. మధ్యాహ్నము రెండింటికి ఫోను వచ్చినది. సముద్రపు తాబేలును చూచితినని వాడు చెప్పెను. "తినేసి బయలుదేరు" అని వారు ఫోను పెట్టివైచిరి.

మరునాటి ఉదయము రెగ్యులేటరును మంచినీటిలో నానవేయవలెను. ఉప్పు పేరుకొన్నచో పాడగును. మొదటి అంచె మూతికి మూత బిగించియే నీట దించవలెను, నానుచుండగా రెండవ అంచె మీది బొత్తమును నొక్కరాదు; నొక్కినచో నీరు లోపలికి పోవును. వాడు నిద్రమత్తులో దానిని బకెట్టులో వేయబోగా వదినగారు చేయి పట్టుకొని, "మూత పెట్టావా?" అని అడిగిరి. పెట్టలేదు. ట్యాంకరు నీరు ఒక బకెట్టు వృథాయగుచున్నదని గొణుగుకొనుచునే, తామే మూత బిగించి, మరల ఒకమారు త్రిప్పి చూచి, మెల్లగా నీట దించిరి.

అన్నగారికి తెచ్చిన రెగ్యులేటరులు రెండును, సరిపడనిదియు సరిపడినదియు, ఇంకను మా అటకమీదనే యున్నవి.