గోడల పలుకు

గోడలకు చెవులుండునని మన పెద్దలు చెప్పిరి. వానికి నోరును కలదని యిప్పటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పాతకట్టడము కూలుటకు పూర్వము దానిలోని యిటుక, రాయి, సున్నము లోలోపల చిట్లుచుండును. ఆ చిట్లుటలో సూక్ష్మమైన ధ్వని పుట్టును. దానిని విని కట్టడపు క్షేమమును తెలిసికొను పద్ధతి యొకటి వాడుకలో నున్నది. తాతలనాటి మందిరములను, ఇండ్లను కాపాడుకొనవలసిన మనబోటివారికి ఇది తెలియుట మేలని తలచి వ్రాయుచున్నాము.

సంతలో కుండ కొనువారు వ్రేలితో తట్టి చూతురు. ఖంగుమన్నచో గట్టిది, బొంగురు పలికినచో బీటవారినది. మేస్త్రీలు కూడ గోడను సుత్తితో తట్టి డొల్లతనమును కనిపెట్టుదురు. ఈ క్రొత్త పద్ధతిలో తట్టుట లేదు, వినుటయే కలదు. గోడలో పగులు వెండ్రుకవాసి పెరిగినను కొంత శక్తి విడుదలయై అలగా వ్యాపించును. ఆ కంపనములు చాల భాగము సెకనుకు 20,000కు పైబడియుండుటచే మన చెవికి వినబడవు. గోడకు అంటించిన పీజోఎలక్ట్రిక్ బిళ్లలు వానిని విద్యుత్తుగా మార్చి యంత్రమునకు పంపును. నాలుగైదు బిళ్లలున్నచో, ధ్వని దేనికి ముందు చేరెనో, దేనికి వెనుక చేరెనో లెక్కించి పగులు పెరుగుచున్న తావును గుర్తింపవచ్చును. అయితే యిటుకగోడ ఆ ధ్వనిని త్వరగా మ్రింగివేయును గనుక బిళ్లలను పగులునకు సమీపముననే ఉంచవలెను.

ఒక్క శబ్దము నమోదైనంత మాత్రమున భయపడనక్కరలేదు. ఎండకు, చలికి, వానకు, వీధిలో పోవు లారీలకు ఏ గోడయైనను పలుకును. చూడవలసినది లెక్క. నెలలు గడచినకొలది శబ్దములు తగ్గినచో గోడ కుదుటపడుచున్నదనవచ్చును. నానాటికి హెచ్చినచో లోపల చేటు పెరుగుచున్నదని తెలియవలెను. ఉద్యోగమున్నన్నాళ్లు ఇన్‌వర్డు రిజిస్టరు వ్రాసిన మాకు ఈ యంత్రము పని సుబోధముగా నున్నది. వచ్చినదానిని వచ్చిన వేళతో సహా, దినము తప్పక, నమోదు చేయుటయే దాని పని.

ఇటలీ దేశమున పావియా నగరములో శతాబ్దములపాటు నిలిచిన గోపురము 1989 మార్చి 17న కుప్పకూలి నలుగురు మరణించిరి. ఆనాడు భూకంపము రాలేదు. తన బరువునే తరతరములు మోసి గోడ లోలోపల చితికిపోయెనని తరువాతి పరిశోధనలలో తేలినది. అదే దేశమున బొలోన్యా నగరపు అసినెల్లి గోపురము 97 మీటర్ల యెత్తైన యిటుక కట్టడము. ట్యూరిన్ పాలిటెక్నిక్ పరిశోధకులు 2010లో దానికి ధ్వనిసాధనములు అమర్చి పరీక్షించిరి. దాని ప్రక్కనే ఒరిగియున్న గారిసెండా గోపురపు పరిసరములను 2023 అక్టోబరులో మూసివేసిరి. పగులు శబ్దములను పట్టు సాధనములు దానికిని అమర్చిరి.

మనవారికి ఈ చింత పరాయిది కాదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురము 2010 మే 26న నేలకూలెను. పగుళ్లు కంటికి కనబడి జనులను ముందుగా తొలగించినందున ప్రాణములు దక్కినవి, గోపురము దక్కలేదు. దాని స్థానమున 2017లో క్రొత్తది వెలసినది.

మేము నివసించు కావేరీతీర పట్టణమున తెలుగువారికి ఒక భజన మందిరము కలదు. ఇటుక సున్నములతో కట్టినది. మా పిల్లలు బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుదురు; నలుగురు కలిసి తెలుగు పాడగా వారు వినునది వారమునకొకసారి ఆ మందిరముననే. కొన్నేండ్ల క్రిందట ఉత్తరపు గోడ బీటవారెను. పడగొట్టి కల్యాణమండపము కట్టుదమని కొందరు, ముట్టరాదని కొందరు పట్టుపట్టిరి. యంత్రము తెప్పించు స్తోమత సంఘమునకు లేదు. ఒక యింజనీరు సలహాపై బీటకు అడ్డముగా మూడుచోట్ల సన్నని గాజుముక్కలు అతికించి, ప్రతి ఆదివారమును చూచి పుస్తకమున వ్రాసితిమి. పైవి రెండును నిలిచినవి. క్రిందిది ఐప్పసి మాసపు వానలలో విరిగెను. వెదకగా మురుగుకాలువ నీరు పునాదిలోనికి దిగుచుండెను. కాలువను బాగుచేయించి మరల గాజు అతికించితిమి. మరి రెండు వానకాలములు గడచినను అది విరుగలేదు. పడగొట్టుదమను మాట అంతటితో ఆగినది.

గాజుముక్క యంత్రమునకు సాటి కాదు. గోడ కదలిన తరువాతనే అది చెప్పును. లోపలి సంగతి చెప్పజాలదు. గోపురములకు, పెద్ద కట్టడములకు యంత్రమును నిపుణులును కావలసినదే. కాని యంత్రమైనను గాజైనను, విడువక వ్రాసిన లెక్క లేనిదే నిరుపయోగము. కనుక ప్రతి సంఘమువారును తమ మందిరమునకు, సత్రమునకు ఒక పుస్తకము తెరచి, ప్రతి బీటను, దాని పొడవును తేదీతో తెలుగున వ్రాయింపవలెనని మా ప్రార్థన. ఆ వ్రాతపనిని పిల్లలకు అప్పగించినచో గోడను కనిపెట్టుటయు, తెలుగు వ్రాయుటయు వారికి ఏకకాలమున అలవడును.