మీ కాల్ మాకెంతో విలువైనది



మూడు వారాలుగా నేనేమీ రాయలేదు. కొందరు ఫోన్ చేసి "ఒంట్లో బాగుందా అయ్యగారూ" అని అడిగారు. దేవుని కృపవలన నాకు బాగానే ఉంది. బాగులేనిది మా కంప్యూటరుకు.

2013లో సంఘమువారు తలా కొంత వేసుకుని కొనిచ్చిన డెస్క్‌టాప్ అది. ఐ3 మూడో తరం ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. ఆ రోజుల్లో మా వీధికంతటికీ అదే గొప్ప. పెళ్ళి శుభలేఖలూ క్రిస్మస్ పాటల కాగితాలూ బాప్తిస్మము రిజిస్టరూ అన్నీ దాని మీదే. ఇప్పుడు దాని సంగతి ఎలా ఉందంటే, పొద్దున్నే స్విచ్ వేసి, పాల ప్యాకెట్టు తెచ్చుకుని, టీ కాచుకుని తాగి వచ్చినా తెరమీద ఆ చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి.

దానికితోడు 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. మాది మూడో తరం. మరో ఏడాదిపాటు భద్రతా అప్‌డేట్లు మాత్రం ఇచ్చే ఏర్పాటు ఒకటి ఉంటే అందులో చేరాను. కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటారేమో. గుడి రేకులు రెండుచోట్ల కారుతున్నాయి. ఆ డబ్బు ముందు అక్కడికి వెళ్ళాలి.

డిప్లొమా చదువుతున్న మా సంఘం కుర్రాడొకడు వచ్చి పెట్టె విప్పాడు. లోపల చెంబెడు దుమ్ము, రెండు బల్లి గుడ్లు. మదర్‌బోర్డు మీద నాణెంలాంటి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందట. అందుకే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ పదేళ్ళకు పైగా వెనక్కి వెళ్ళిపోయేది, తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు నమ్మక తెరుచుకునేవి కావు. నేనేమో ఇన్నాళ్ళూ నెట్టువాణ్ణి తిట్టుకున్నాను. చిన్న బ్యాటరీ ముక్కతో ఆ జబ్బు పోయింది. "హార్డ్ డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ వేద్దామండి, ఇంకో 4 జీబీ ర్యామ్ కలుపుదామండి, నాలుగైదేళ్ళు నడుస్తుందండి" అన్నాడు.

ఇక్కడ నాకు మన ఆనకట్ట గుర్తొచ్చింది. ధవళేశ్వరంలో పుట్టి పెరిగినవాళ్ళకు అన్నీ చివరికి ఆనకట్ట దగ్గరికే వస్తాయి లెండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయల మీద నాలుగు ముక్కలు. ఆ తరవాత నూరేళ్ళకు పైగా దానికి మరమ్మతులు చేస్తూ, ఎత్తు పెంచుకుంటూ వచ్చారు. చివరికి ఇక లాభం లేదని 1970లో కొత్త బ్యారేజీ మొదలుపెట్టారు. అది 1982కి పూర్తయింది. మత్తయి 9లో ప్రభువు పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేయడం గురించి చెప్పిన మాట మీకు తెలుసు. తడవని గుడ్డ ఉతికినప్పుడు ముడుచుకుని పాతదాన్ని ఇంకా చింపేస్తుంది. నిజమే. కానీ ఆనకట్టకు నూరేళ్ళు మాసికలు వేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళని నేననను. ఆ నూరేళ్ళూ మన తాతలు అన్నం తిన్నది ఆ మాసికల మీదే.

అసలు ఈ పాతపెట్టె మీద నాకింత ఆరాటం ఎందుకో చెప్పాలి. అందులో 2013 నుంచి నేను చెప్పిన వాక్యములన్నీ ఉన్నాయి. మట్టి కార్యక్రమాల్లో చదివిన జీవిత చరిత్రలు కూడా. ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు ఆ ఇంటివాళ్ళ దగ్గర కూర్చుని అడిగి రాసుకున్న ఒకటి రెండు పేజీలు. పొలం పనికి వెళ్ళిన అమ్మల గురించి, లాకుల దగ్గర పనిచేసిన తాతల గురించి ఇంకెక్కడా ఒక్క ముక్క రాసిలేదు. అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో టైపు చేసినవి. డీటీపీ చేసినవాళ్ళకు తెలుసు, అను ఫాంట్లలో తెలుగు నిజానికి తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటు ఉంది గానీ మేము నేర్చుకున్నది ఇది. పేజ్‌మేకరు కూడా 2001లో వచ్చిన 7వ వెర్షనుతో ఆగిపోయింది. అంటే ఈ పెట్టె ఆగితే ఆ అమ్మలూ తాతలూ రెండోసారి వెళ్ళిపోయినట్టే అనిపించింది నాకు.

రాజమండ్రి వెళ్ళి అడిగితే ఆ పాతరకం ర్యామ్ కొత్తది దొరకలేదు. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ రెండూ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఎస్‌ఎస్‌డీ బంగారంలా పనిచేసింది. ర్యామ్ పొట్లం మాత్రం విప్పగానే కుర్రాడు పెదవి విరిచాడు. మాకు కావలసింది డీడీఆర్3, దానికి 240 పిన్నులు. వచ్చింది డీడీఆర్4, దానికి 288. మధ్యలో ఉండే గాటు కూడా వేరేచోట. బలవంతంగా నొక్కితే బోర్డు విరుగుతుందే గానీ అది కూర్చోదు. బిల్లులో డీడీఆర్3 అనే ఉంది. కాబట్టి తప్పు నాది కాదు, చిటికెలో తేలిపోతుంది అనుకున్నాను.

పదకొండు రోజులు పట్టింది.

తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కితే హిందీలో పలికారు. ఫోటో పంపమన్నారు, పంపాను. ఫోటో అందలేదన్నారు. మూడుసార్లు మూడు ఫిర్యాదు నంబర్లు ఇచ్చారు. కొత్త నంబరు ఇచ్చినప్పుడల్లా పాతది మూసేసేవారు. పరిష్కరించాం, మా సేవకు ఎన్ని చుక్కలు ఇస్తారు అని మెసేజి వచ్చేది. ఒకాయన "మీరే తప్పుగా ఆర్డరు చేశారు, వాపసు కుదరదు" అన్నాడు. ఇంకొకాయన 72 గంటలు ఆగమన్నాడు. 73వ గంటకు చేస్తే మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నారు. మధ్యమధ్య ఆ సంగీతం, ఆ గొంతు: మీ కాల్ మాకెంతో విలువైనది.

ఎనిమిదో రోజు రాత్రి ఒక అమ్మాయి తెలుగులో పలికింది. ఆ అమ్మాయి మీద అరిచాను. సువార్త చెప్పే నోటితో ఏమేం అన్నానో ఇక్కడ రాయను. "సార్, నాకు వాపసు చేసే ఆప్షనే ఇవ్వలేదు సార్, పైవాళ్ళకు కలుపుతాను" అని హోల్డులో పెట్టింది. నలభై నిమిషాలు ఉన్నాను. ఆ మధ్యలో మా సంఘంలో ఒక అక్క ఫోన్ రెండుసార్లు వచ్చింది, బీప్ బీప్ అని. తీస్తే ఈ లైను పోతుందేమోనని తీయలేదు. తరవాత చేద్దాంలే అనుకున్నాను. లైను దానంతటదే తెగిపోయింది. కోపంతో ఫోన్ పక్కన పడేసి పడుకున్నాను.

మర్నాడు మా ఇంట్లో ఆవిడ చెప్పింది. ఆ అక్క కొడుకు కువైట్‌లో డ్రైవరు పనికి వెళ్తున్నాడు. వీసా కబురు హఠాత్తుగా వచ్చింది. ఆ రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి హైదరాబాదు వెళ్ళి అక్కడ విమానం ఎక్కాలి. స్టేషనుకు బయల్దేరేముందు ప్రార్థన చేయించుకుందామని ఫోన్ చేసింది. తండ్రి లేని పిల్లవాడు. నేను తీయకపోతే తల్లే వాడి తలమీద చెయ్యిపెట్టి ప్రార్థించి ఆటో ఎక్కించిందట.

ఆ వారం నేను చెప్పాలని సిద్ధం చేసుకున్నది లూకా 18, అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరికి పదేపదే వెళ్ళిన విధవరాలి ఉపమానం. కంపెనీవాళ్ళతో పడుతున్న పాటుకు అది నాకు సరిగ్గా అతికిందని మనసులో మురిసిపోయాను కూడా. ఆ ఆదివారం ఆ అక్క ముందు వరసలో కూర్చుంది. నేను ఆ వాక్యము తెరవలేదు. పాతది ఒకటి చదివేశాను.

డబ్బు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చేమీ లేదు. బిల్లూ ఫోటోలూ పెట్టి ఫిర్యాదు ఇచ్చాక మూడోరోజున కంపెనీవాళ్ళే ఫోన్ చేసి ర్యామ్ తీసుకెళ్ళారు, డబ్బు వచ్చింది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు దానికి రుసుము లేదు, వకీలు లేకుండా మీరే వేసుకోవచ్చు. చిన్న మొత్తమే కదా అని ఊరుకోకండి. అరవకండి కూడా. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పడానికి ఆ నంబరుకు మళ్ళీ చేశాను గానీ, అలా ఒకరిని వెతికి కలపడం కుదరదన్నారు.

కుర్రాడు వాడిన ర్యామ్ ముక్క ఒకటి సంపాదించి వేశాడు. అను ఫైళ్ళను ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోకి మారుస్తున్నాము. ఒత్తులు తారుమారవుతున్నాయి, అన్నీ చేత్తో దిద్దాలి. మొదట దిద్దింది ఆ అక్క భర్త జీవిత చరిత్ర. ఒక పేజీన్నర. ప్రింటు తీసి పట్టుకెళ్ళి ఇచ్చి, ఆ రాత్రి ఫోన్ ఎందుకు తీయలేదో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తరవాత "పిల్లోడికి కూడా ఇది పంపుతారా అయ్యగారండీ, ఫోన్‌లో చదువుకుంటాడు" అంది.

పంపాను. కువైట్‌లో శుక్రవారం సెలవు. ఆ మధ్యాహ్నం వాడే వీడియో కాల్ చేశాడు. వెనకాల మూడంతస్తుల మంచాలు, ఎవరో వంట చేస్తున్నారు. ప్రార్థన చేస్తుండగా లైను రెండుసార్లు తెగింది. రెండుసార్లూ నేనే మళ్ళీ చేశాను.